బేగంపేట రైల్వే స్టేషన్: చరిత్ర, సౌకర్యాలు, మన అనుభవాలు

కాకినాడ_కోడలు
అందరికీ నమస్కారం. మేముండేది అమీర్‌పేటలో. మా అత్తయ్యగారికి 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పే. వచ్చే శుక్రవారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ పంపాలి. ఇన్నేళ్లూ సికింద్రాబాద్ వెళ్లే ఎక్కించేవాళ్లం. అక్కడిప్పుడు స్టేషన్ కొత్తగా కడుతున్నారు కదా, ఆ జనంలో ఆవిడను నడిపించడమంటే నాకు టెన్షన్‌గా ఉంది. బేగంపేటలో ఎక్కించమని మా ఆడపడుచు అంటోంది. అక్కడ లిఫ్టు ఉందా? రైలు ఎంతసేపు ఆగుతుంది? ఈ మధ్య వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్పండి.

లింగంపల్లి_లోకల్
నమస్తే అండీ. రోజూ బేగంపేటలో దిగేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. 12 మీటర్ల వెడల్పుతో కొత్త ఫుట్ ఓవర్ బ్రిడ్జి వేశారు. ప్లాట్‌ఫారాలు రెండే కాబట్టి సికింద్రాబాద్‌లోలా పదింటిలో ఏదని వెతుక్కునే పని లేదు. పెద్దవాళ్లకు అదే సగం బలం.

అసలు జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. గౌతమి లింగంపల్లిలో బయలుదేరుతుంది, బేగంపేటలో ఆగేది చాలా తక్కువసేపు. సికింద్రాబాద్‌లోలా తీరిగ్గా ఎక్కించి, సామాను సర్ది, మంచినీళ్ల సీసా అందించే వీలుండదు. మీ బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కుని అక్కడే నిలబడండి. ఇద్దరు మనుషులు వెళ్లండి. ఒకరు ఆవిడతో ఎక్కాలి, ఒకరు సామాను అందించాలి. ఎక్కినవాళ్లు సికింద్రాబాద్ దాకా వెళ్లి అక్కడ దిగి వచ్చేయొచ్చు, దానికి మాత్రం టికెట్ తీసుకోండి.

ఇంకోటి. టికెట్ సికింద్రాబాద్ నుంచి ఉంటే బోర్డింగ్‌ను దానికన్నా ముందొచ్చే బేగంపేటకు మార్చడం కుదరదు, బేగంపేట నుంచే మళ్లీ టికెట్ తీసుకోండి. ఉన్న టికెట్‌తో ఎక్కినా ఏం కాదని ఊరుకోవద్దు.

కాకినాడ_కోడలు
ధన్యవాదాలు తమ్ముడూ. టికెట్ మీద సికింద్రాబాదే ఉంది. ఇప్పుడే బేగంపేట నుంచి వేరేది తీస్తాను. సికింద్రాబాద్ దాకా తోడు వెళ్లే ఆలోచన నాకు తట్టనే లేదు.

చక్రాల_ప్రయాణం
లిఫ్టు గురించి నేనూ ఒక మాట చెప్పాలి. పదకొండేళ్లుగా వీల్‌చైర్‌లో తిరుగుతున్నాను. కిందటేడు నగరంలోనే ఇంకో స్టేషన్‌లో (పేరు వద్దు) లిఫ్టు మీద భరోసాతో వెళ్లాను. వెళ్లేసరికి తలుపుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. ఇద్దరు కాలేజీ పిల్లలు కుర్చీతో సహా నన్ను ఎత్తి మెట్లు దింపారు. వాళ్ల మేలు మరచిపోను. కానీ అలా ఎత్తించుకోవడం నాకెంత కష్టంగా ఉంటుందో చెప్పలేను.

అందుకే బయలుదేరేముందు రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి అడగడం అలవాటు చేసుకున్నాను. స్టేషన్‌లో అడుగుపెట్టగానే స్టేషన్ మాస్టర్ గదికి వెళ్లి, ఫలానా రైలుకి పెద్దావిడ ఉన్నారు, కుర్చీ కావాలి అని చెప్తే ఏర్పాటు చేస్తారు. రైలు వచ్చాక అడిగితే సమయం చాలదు, గంట ముందు వెళ్లండి.

బేగంపేటలో నాకు నచ్చింది నేల మీద వేసిన గుర్తుల బాట. చూపు లేనివాళ్లు కర్రతో తడుముతూ నడవడానికి గీతల పలకలు, ఆగాల్సిన చోట చుక్కల పలకలు. నాకు పనికొచ్చేది కాదు గానీ, దాని మీద నడిచే స్నేహితుడు నాకున్నాడు.

సనత్‌నగర్_సత్తి
మంచి విషయం మొదలుపెట్టారు అక్కా. బేగంపేటను స్టేషన్లు బాగుచేసే అమృత్ భారత్ పథకంలో రూ. 26.55 కోట్లతో మళ్లీ కట్టారు. 2025 మే 22న ప్రధాని రాజస్థాన్‌లోని దేశ్‌నోక్ నుంచి దేశమంతా 103 స్టేషన్లు ఒకేసారి ప్రారంభించారు. తెలంగాణవి మూడు: బేగంపేట, వరంగల్, కరీంనగర్.

ఈ స్టేషన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. దీన్ని నడిపేది పూర్తిగా మహిళా ఉద్యోగులే. ముంబైలోని మాటుంగా 2017లో దేశంలో మొదటిసారి ఇలా మారింది, తర్వాత మనకు బేగంపేట. రాత్రి పొద్దుపోయాక ఇక్కడ దిగే మా చెల్లికి ఆ కౌంటర్ వెనక ఆడమనిషి కనబడటం ఎంత ధైర్యమో ఆమె చెప్తేనే నాకు తెలిసింది.

ఈ స్టేషన్ ఎప్పటిది? ఎవరికైనా తెలుసా?

పాత_పట్టాలు
సత్తి గారూ, నేను గూడ్స్ గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి. స్టేషన్ కన్నా ముందు లైను గురించి చెప్పాలి. లైను తెలిస్తేనే స్టేషన్ అర్థమవుతుంది.

బొంబాయి నుంచి మద్రాసు పోయే పెద్ద లైను 1871 నాటికి పూర్తయింది. అది హైదరాబాద్‌ను తాకకుండా, పడమటగా వాడి మీదుగా వెళ్లిపోయింది. వాడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్‌కు వేసిన కొమ్మ 1874లో మొదలైంది. అప్పుడు దివాను మొదటి సాలార్ జంగ్. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా చిన్నపిల్లవాడు. డబ్బు నిజాం రాజ్యానిది, అవసరం మాత్రం చాలావరకు ఇంగ్లీషువాళ్లది. ఎందుకంటే వాళ్ల సైన్యం ఉన్నది సికింద్రాబాద్ కంటోన్మెంటులో. అందుకే లైను మూసీ ఒడ్డున ఉన్న అసలు నగరానికి పోకుండా కంటోన్మెంటుకు పోయింది. ఇప్పుడు లింగంపల్లి, బేగంపేట మీదుగా మీరు నగరం లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో వెళ్లే దారి 1874 నాటి ఆ దారే.

నాంపల్లి స్టేషన్ వచ్చింది 1907లో. అంటే రైలొచ్చిన 33 ఏళ్లకు గానీ నిజాం నగరానికి తన సొంత పెద్ద స్టేషన్ రాలేదు. కాచిగూడ 1916. ఈ లైన్లు నడిపిన రైల్వే కంపెనీని నిజాం ప్రభుత్వం కొనేసి తన చేతిలోకి తీసుకున్నది 1930లో. స్వాతంత్య్రం వచ్చాక భారతీయ రైల్వేలో కలిసింది. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబర్ 2న.

ఇక బేగంపేట. పటం ముందు పెట్టుకుని చూడండి. సికింద్రాబాద్ నుంచి జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్కు మీదుగా ఒక లైను వస్తుంది. నాంపల్లి నుంచి లక్డీకాపూల్, ఖైరతాబాద్, నెక్లెస్ రోడ్ మీదుగా ఇంకోటి వస్తుంది. రెండూ హుస్సేన్‌సాగర్ పక్కనుంచి వచ్చి ఒక్కటయ్యాక మొదట తగిలే స్టేషన్ బేగంపేట. అందుకే నాంపల్లి బండీ, సికింద్రాబాద్ బండీ రెండూ దొరుకుతాయి. చిన్న స్టేషనే, కానీ ఉన్న చోటు అలాంటిది.

నగర_నడక
పాత పట్టాలు గారూ, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. బేగంపేట చుట్టుపక్కల గురించి నేను కొంచెం కలుపుతాను.

నిజాంల తర్వాత అంతటివాళ్లుగా పేరున్న పైగా వంశం పేట ఇది. నిజాం కూతురు బషీరున్నిసా బేగం పైగాల ఇంటి కోడలైందని, ఆమె పేరు మీదే ఇది బేగంపేట అయిందని చెబుతారు. ఆ వంశంలో వికారుల్ ఉమ్రా అనే ఆయన ఉన్నారు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది ఆయనే. కట్టించి, చివరికి దాన్ని ఆరో నిజాంకు ఇచ్చేశారు. తర్వాత ఆయన ఇక్కడ బేగంపేటలో ఇంకో భవనం కట్టించుకున్నారు, అదే పైగా ప్యాలెస్. పక్కనే మసీదు మొదలుపెట్టించారు. స్పెయిన్‌లో చూసిన మసీదు ఆయన మనసులో ఉండిపోయిందట. గుమ్మటాలు లేకుండా కోసుగా పైకి లేచే శిఖరాలతో ఉంటుంది. అది 1906లో పూర్తయ్యేనాటికి ఆయన లేరు. జనం స్పానిష్ మసీదు అంటారు.

ఇప్పుడు ఆలోచించండి. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వెళ్లే లోకల్ ఎక్కితే దారిలో బేగంపేట, చివర ఫలక్‌నుమా. ఒకే మనిషి కట్టించిన రెండు భవనాలను ఈ రైలు కలుపుతుంది. నేను నడకలకు తీసుకెళ్లేవాళ్లను బేగంపేటలో దింపి మసీదు చూపించి, మళ్లీ అదే రైలెక్కించి ఫలక్‌నుమాలో దింపుతాను. పిల్లలకు చరిత్ర చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు.

డాలస్_తెలుగబ్బాయి
పైగా ప్యాలెస్ అనగానే ఆగలేకపోయాను. అమెరికా కాన్సులేట్ 2008 నుంచి 2023 దాకా అందులోనే ఉండేది కదా. 2012లో నా వీసా ఇంటర్వ్యూ అక్కడే. తాడేపల్లిగూడెంలో గౌతమి ఎక్కాను. అప్పట్లో అది సికింద్రాబాద్ దాకానే. అక్కడ దిగి ఎంఎంటీఎస్‌లో బేగంపేట వచ్చాను. చేతిలో ఫైలు, జేబులో అమ్మ పెట్టిన ద్వారకా తిరుమల కుంకుమ పొట్లం. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఫైల్లో కాగితాలు నాలుగుసార్లు సరిచూసుకున్నాను. నాలాంటివాళ్లు ఆ బెంచీల మీద ఇంకో ముగ్గురున్నారు. ఎవరి ఫైలు వాళ్లు తెరిచి చూసుకుంటున్నారు. అందులో ఒకతను ఇప్పుడు నాకు డాలస్‌లో పక్క వీధే.

ఆ భవనం కట్టించింది ఎవరో 13 ఏళ్ల తర్వాత ఇవాళ తెలిసింది నాకు.

సనత్‌నగర్_సత్తి
నగర నడక గారూ, మీరు పైగాల గురించి చెప్పాక ఒక ప్రశ్న. కొత్త స్టేషన్ ముందు భాగాన్ని కాకతీయ శైలిలో తీర్చారు. వరంగల్‌లో కాకతీయ శైలి అంటే సరే. బేగంపేటలో పైగా కమానులు, సున్నపు నగిషీలు పెడితే ఆ ప్రాంతానికి దగ్గరగా ఉండేది కాదా?

నగర_నడక
నా మనసులో మాట అడిగారు. నేనైతే పైగా కమానులనే కోరుకునేవాణ్ణి. సంతోష్‌నగర్ దగ్గరున్న పైగా సమాధుల్లో సున్నంతో చేసిన చిల్లుల జాలీ పని చూసినవాళ్లకు అది ఎంత అందమో తెలుసు. స్టేషన్ బయటికి రాగానే ఏ పేటలో దిగామో కట్టడమే చెప్పాలి.

వరంగల్_వెన్నెల
మీ ఇద్దరితో నేను ఒప్పుకోను. కాకతీయ తోరణం వరంగల్ ఒక్కదానిదే కాదు, తెలంగాణ మొత్తానిది. ఓరుగల్లు పిల్ల ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి బేగంపేటలో దిగి ఆ రాతి తీరు చూస్తే, ఈ ఊళ్లో మనదీ కొంత ఉందనిపిస్తుంది. నాకు అనిపించింది కాబట్టే చెప్తున్నా. నగరంలో కమానులకు కొదవ లేదు, కాకతీయుల గుర్తులే తక్కువ.

నగర_నడక
వెన్నెల గారూ, మీరు చెప్పిన కోణం నేను ఆలోచించలేదు. అయినా ఒక కోరిక మిగిలే ఉంది. లోపల వెయిటింగ్ హాల్లో ఒక గోడ మీదైనా పేట చరిత్ర రాసి పెట్టాలి: 1874 లైను, పైగాలు, మసీదు. విమానాశ్రయం కూడా. నిజాం కాలం నుంచి నగరానికి ఆకాశం దారి బేగంపేటే. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక ఇక్కడి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి.

రొనాల్డ్ రాస్‌నూ మరచిపోకూడదు. మలేరియా దోమ ద్వారా వస్తుందని ఆయన కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో పనిచేస్తున్నప్పుడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పేరు మీద ఉన్న భవనం ఇక్కడే బేగంపేటలో ఉంది. స్టేషన్‌లో దిగే వందమందిలో ఎందరికి తెలుసు?

లింగంపల్లి_లోకల్
చరిత్ర బాగుంది, ముందు భాగమూ బాగుంది. కానీ రోజూ ఎక్కేవాణ్ణి కాబట్టి నా బాధ నాది. భవనం ఎంత బాగున్నా ప్రయాణికుడికి కావాల్సింది బండి. ఎంఎంటీఎస్ మొదలైంది 2003 ఆగస్టు 9న. అప్పటి ఉప ప్రధాని ఆడ్వాణీ జెండా ఊపారు. 178 కోట్లు, రాష్ట్రం సగం, రైల్వే సగం. మరుసటి ఏడు ఫలక్‌నుమా దాకా వెళ్లింది. అప్పుడు నేను ఇంటర్. ఐదు రూపాయలకు ఇంత దూరమా అని ఇంటిల్లిపాదీ ఒక ఆదివారం ఊరికే ఎక్కి తిరిగాం.

మాకు బళ్ల పేర్లు అక్షరాల్లోనే. ఎల్‌ఎఫ్ అంటే లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా, ఎల్‌హెచ్ అంటే లింగంపల్లి నుంచి హైదరాబాద్. "ఎల్‌హెచ్ పోయిందా?" అని ప్లాట్‌ఫారం మీద కొత్త మనిషిని అడిగితే తెల్లమొహం వేస్తాడు, పాత మనిషి గడియారం చూస్తాడు. 2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. 2021 జూన్‌లో పది బళ్లతో మళ్లీ మొదలుపెట్టారు. మా డబ్బాలో రోజూ కలిసి వెళ్లే పన్నెండు మందిమి ఉండేవాళ్లం. ఆ పదిహేను నెలల్లో కొందరు బైకులు కొనుక్కున్నారు, కొందరు మెట్రోకు మారారు. ఇప్పుడు నలుగురం మిగిలాం.

పాత పట్టాలు గారూ, మీరు గార్డుగా చేశారు కదా. లోకల్ బండి స్టేషన్ కనబడుతుండగా బయట ఎందుకు ఆగిపోతుంది? మెట్రో అలా ఆగదే?

పాత_పట్టాలు
లోకల్ గారూ, కారణం పట్టాల్లోనే ఉంది. మెట్రోకు తన పట్టాలు తనవే, వాటి మీద ఇంకెవరూ రారు. ఎంఎంటీఎస్ మొదటి దశ వేసింది ఉన్న లైను మీదే. బొంబాయి ఎక్స్‌ప్రెస్, సిమెంటు గూడ్స్, మీ లోకల్, అన్నీ అదే జత పట్టాల మీద పోవాలి. తాండూరు వైపు నుంచి వచ్చే సిమెంటు గూడ్స్ బళ్లతో నేనే ఎన్నిసార్లు వచ్చానో లెక్క లేదు.

లోకల్ రెండు కిలోమీటర్లకోసారి ఆగుతుంది. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్ ఆగదు. రెండింటినీ ఒకే దారిలో పంపితే ముందున్నది వెనకదానికి అడ్డమవుతుంది. అప్పుడు కంట్రోలర్ ఎవరో ఒకరిని నిలబెట్టాలి. వందల కిలోమీటర్ల నుంచి వస్తున్న బండిని నిలబెడితే ఆ ఆలస్యం ముందున్న ఊళ్లన్నిటికీ పాకుతుంది. అందుకని సాధారణంగా నిలబడేది లోకలే. ముంబైలో స్లో లైన్లు వేరు, ఫాస్ట్ లైన్లు వేరు. అక్కడ లోకల్ నిమిషాల లెక్కన నడవడానికి అసలు కారణం అది. మనకు రెండో దశలో సనత్‌నగర్ నుంచి మౌలాలి మీదుగా ఘట్‌కేసర్ దారి 2024 మార్చిలో తెరుచుకుంది. దానికి ముందు ఏడు మేడ్చల్, ఉందానగర్ వైపు లోకళ్లు వేశారు. అవి మంచివే. కానీ బేగంపేట, లింగంపల్లి మధ్య ఇంకో జత పట్టాలు పడేదాకా మీ ఎల్‌ఎఫ్ సిగ్నల్ దగ్గర ఆగడం తప్పదు. నేను బతికుండగా ఆ పట్టాలు చూడాలని ఉంది.

లింగంపల్లి_లోకల్
ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నా. ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు సార్.

హఫీజ్‌పేట_హరిత
మెట్రో మాట వచ్చింది కాబట్టి నా దారి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మా ఆఫీసు సైబర్ టవర్స్ దగ్గర, అమ్మవాళ్ల ఇల్లు సీతాఫల్‌మండిలో. అక్కణ్ణుంచి ఆఫీసుకు వెళ్లాల్సిన రోజున ఎంఎంటీఎస్‌లో బేగంపేట దాకా వచ్చి, బయటికి నడిచి మెట్రో నీలం లైను ఎక్కుతాను. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ దాకా వెళ్లొచ్చు కదా అంటారు. పేరు అదే గానీ ఆ స్టేషన్ నుంచి సైబర్ టవర్స్‌కు మళ్లీ ఆటో పట్టాలి. రైలుకు ఐదో పదో అయితే ఆటోకు అంతకు ఎన్నో రెట్లు. అందుకే బేగంపేటలో మారడమే నయం. ఎంఎంటీఎస్ అంటే మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్ కదా, ఆ మల్టీ అన్న మాటకు నిజంగా అర్థం కనబడేది ఇలాంటి రెండు మూడు స్టేషన్లలోనే.

నాకొక్కటే కోరిక. ఎంఎంటీఎస్‌కూ మెట్రోకూ ఒకే కార్డు ఉండాలి. అలా వెళ్లిన ప్రతిసారీ రెండు చోట్ల రెండు టికెట్లు తీస్తున్నాను. టికెట్ క్యూలో నిలబడగా బండి వెళ్లిపోతే ఆ రోజంతా ఆలస్యమే. ఫోన్‌లో రైల్వే టికెట్ల యాప్ పెట్టుకున్నాక కొంత ఊపిరి పీల్చుకున్నా.

చక్రాల_ప్రయాణం
హరిత గారు చెప్పిన "బయటికి నడిచి" అన్న ఆ కొంచెం దూరమే నాలాంటివాళ్లకు పెద్ద దూరం. రైలు స్టేషన్‌లో లిఫ్టు ఉంది, మెట్రో స్టేషన్‌లోనూ ఉంది. మధ్యలో రోడ్డు ఉంది. ఫుట్‌పాత్ అంచు అరడుగు ఎత్తుంటే నా కుర్చీ అక్కడే ఆగుతుంది. రెండు స్టేషన్లూ బాగుచేసినవాళ్లు ఆ మధ్య దారిని కూడా స్టేషన్‌లో భాగమనుకోవాలని నా మనవి.

మోడరేటర్
చర్చ చాలా బాగా సాగుతోంది. పాత పట్టాలు గారి పోస్టునూ, చక్రాల ప్రయాణం గారి 139 సూచననూ పైన పిన్ చేస్తున్నాను. ఫోటోలు పెట్టేవాళ్లు తోటి ప్రయాణికుల మొహాలు కనబడకుండా చూసుకోండి.

కాకినాడ_కోడలు
శుక్రవారం పని పూర్తయింది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

గంట ముందే వెళ్లాం. స్టేషన్ మాస్టర్ గారికి చెప్పాను, ఆవిడ కుర్చీ తెప్పించారు. బోగీ ఎక్కడ ఆగుతుందో కూడా ఆవిడే చెప్పి పంపారు. రైలు రాగానే మావారు అత్తయ్యతో ఎక్కారు, నేను రెండు సంచులు అందించాను. మూడో సంచి అందించేసరికి బండి కదిలింది. లోకల్ తమ్ముడి మాట వినకుండా నేనొక్కదాన్నే వెళ్లుంటే ఏమయ్యేదో. మావారు సికింద్రాబాద్‌లో దిగి వచ్చేశారు.

రైలు కోసం కూర్చున్నప్పుడు అత్తయ్యకు మీ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఆవిడ 1969లో కొత్త కోడలుగా మొదటిసారి హైదరాబాద్ వచ్చినప్పుడు బొగ్గు ఇంజను రైలట. కంట్లో నలుసు పడి, మామయ్యగారు పైటకొంగు ముడిచి నోటితో ఆవిరి పట్టి కంటికి అద్దారని చెప్పింది. నాకు పెళ్లై 22 ఏళ్లు. ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

వచ్చే నెల పదో తారీఖున తిరిగి వస్తుంది. పొద్దున్నే బేగంపేటలో దింపుకోవాలి. ఆ వేళకు లిఫ్టు నడుస్తుందా?

లింగంపల్లి_లోకల్
నడుస్తుంది అక్కా. అయినా పదో తారీఖు నాది పొద్దుటి షిఫ్టే, ఆ సమయానికి ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. ముందు రోజు రాత్రి బోగీ నంబరు ఇక్కడ రాయండి. మూడు సంచులూ నేను దింపుతాను.